చెక్ కాలమ్ ఒక్కటి వదలకండి: డూలిటిల్ పద్ధతితో ఇరవై ఏళ్లు

వరి దిగుబడి మీద ఎం.ఎస్సీ. థీసిస్ చేస్తున్నప్పుడు మా గైడ్ గారు చేత్తో చేయించారు కాబట్టి డూలిటిల్ పద్ధతి నేర్చుకున్నాను, ఆ తర్వాత ఇరవై ఏళ్లుగా పాఠం చెప్పేటప్పుడల్లా వాడుతూనే ఉన్నాను. కాగితం, క్యాలిక్యులేటర్‌తో మల్టిపుల్ రిగ్రెషన్ (ఒక ఫలితాన్ని చాలా లక్షణాల నుంచి ఒకేసారి అంచనా వేసే లెక్క) చేయాలంటే ఈ పద్ధతినే పట్టుకోండి. అమెరికా కోస్ట్ అండ్ జియోడెటిక్ సర్వేలో లెక్కలు చేసే మైరిక్ డూలిటిల్ 1878లో దీన్ని రాసిపెట్టాడు. మూలం గౌస్ ఎలిమినేషనే (సమీకరణాల్లోంచి తెలియని రాశులను ఒక్కొక్కటిగా తొలగించడం), కాకపోతే చేత్తో చేసేవాళ్లు తడబడకుండా వరసగా రాసుకుపోయే పట్టికగా మార్చాడు.

నాకు ప్రాణం చెక్ కాలమ్, అంటే ప్రతి వరస చివర దాని మొత్తం రాసుకునే గడి. దిగుబడికీ పిలకలకూ కోరిలేషన్ (రెండూ కలిసి ఎంతగా మారతాయో చెప్పే అంకె) 0.8, దిగుబడికీ కంకిలో గింజలకూ 0.6, పిలకలకూ గింజలకూ 0.5 అనుకుందాం. మొదటి వరసలో పిలకలకు పిలకలతో, గింజలతో, దిగుబడితో ఉన్న కోరిలేషన్లు: 1, 0.5, 0.8, మొత్తం 2.3. రెండోది అదే క్రమంలో గింజలకు: 0.5, 1, 0.6, మొత్తం 2.1. రెండో వరసలోంచి మొదటిదానికి 0.5 రెట్లు తీసేస్తే 0, 0.75, 0.2 వస్తాయి. మొత్తాల మీదా అదే పని చేస్తే 2.1లోంచి 1.15 పోయి 0.95, సరిగ్గా ఆ 0.75, 0.2 కలిపినంత. తేడా వచ్చిందా, తప్పు ఆ వరసలోనే ఉంది, పట్టికంతా తిరగేయక్కర్లేదు.

ఇంకో సుఖం ఏంటంటే, 0.2ని 0.75తో భాగిస్తే గింజల బీటా (దిగుబడి మీద గింజల సొంత ప్రభావాన్ని కొలిచే గుణకం) 0.2667 వస్తుంది, దాన్ని మళ్లీ 0.2తో గుణిస్తే 0.0533, అంటే పిలకలు ఒక్కటే వివరించిన 0.64కి (0.8 వర్గం) గింజలు అదనంగా చేర్చింది అంతే. ఆర్ స్క్వేర్ (దిగుబడి తేడాల్లో రెండూ కలిసి వివరించిన భాగం) 0.6933 విడిగా కట్టకుండానే చేతికొచ్చేసింది. అదే పార్షియల్ కోరిలేషన్ (మిగతావాటి ప్రభావం తీసేశాక మిగిలే కోరిలేషన్) సూత్రం మూడు చరరాశుల వరకు హాయిగానే ఉంటుంది (ఇక్కడ పిలకలకు 0.7217), నాలుగుకి వెళ్లేసరికి ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోవాలి.

లోపమూ చెప్పాలి. థీసిస్‌లో ఆరు లక్షణాలు తీసుకుని నాలుగు దశాంశాలతో మొదలుపెట్టాను. వాటిలో రెండు దాదాపు ఒకే విషయం చెప్పేవి, దాంతో భాజకం (పై ఉదాహరణలో 0.75 లాంటిది) 0.02 దగ్గరకు దిగిపోయింది, అంటే నమ్మదగ్గ అంకెలు రెండే మిగిలాయి. రెండు రోజుల పని పోయింది, ఏడు దశాంశాలతో మొదటి నుంచి చేశాను. చెక్ కాలమ్ దీన్ని పట్టుకోదు, మొదట్లో కోరిలేషనే తప్పు ఎక్కించినా పట్టుకోదు. అయితే ఆ చిన్న అంకె కళ్లెదుట కనిపించడం వల్లే మల్టీకొలీనియారిటీ (లక్షణాలు ఒకే విషయాన్ని చెప్పడం) అంటే ఏంటో నాకు మొదటిసారి అర్థమైంది, అందుకే పిల్లలకు సాఫ్ట్‌వేర్ కంటే ముందు ఇదే చూపిస్తాను.

ఐదు చరరాశులు దాటితే స్క్వేర్ రూట్ పద్ధతికి మారండి. వరసకో వర్గమూలం తీయాలి గానీ రాత బాగా తగ్గుతుంది, అక్కడా చెక్ కాలమ్ ఇలాగే పనిచేస్తుంది.