కొబ్బరి చెట్ల మధ్య ఏడు వాట్లు: బిట్‌ఎక్స్ 40తో ఆరేళ్లు

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఊడ్చేసినప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. కరెంటు లేదు, ఫోన్లు పోయాయి, రోడ్ల మీద అడ్డంగా కొబ్బరి చెట్లు. మా ఊళ్లో ఎవరు బతికారో బయటవాళ్లకు చెప్పే దారే లేదు. ఆ రోజుల వల్లే నేను హామ్ రేడియోలోకి, అంటే సొంత రేడియో సెట్టుతో దూరాన ఉన్నవాళ్లతో మాట్లాడే అభిరుచిలోకి వచ్చాను. మోర్స్ అనే చుక్కలు, గీతల సంకేతాలు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాను. తర్వాత ఉద్యోగం, ఊళ్లు మారడం, డాబా మీద యాంటెన్నా తీగ కట్టనివ్వని అద్దె ఇళ్లు. 2003లో సెట్టు అటకెక్కింది. ఆ మరుసటి ఏడాది డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు, అండమాన్‌లో ఉన్న భారతీ ప్రసాద్ గారు హామ్ సెట్టు మీదే అక్కడి కబుర్లు అందించారని పేపర్లో చదివాను. ఆ పూట అన్నం సయించలేదు.

2018లో రాజోలు దగ్గర మా సొంత ఇంటికి వచ్చేశాను. ముందు లైసెన్సు పని చూసుకుని, తర్వాత బిట్‌ఎక్స్ 40 అనే చిన్న హామ్ సెట్టు కొన్నాను. హైదరాబాదుకు చెందిన అష్హర్ ఫర్హాన్ గారి డిజైన్ ఇది. 2016 చివర్లో వచ్చింది. బోర్డుల్ని అక్కడి మహిళల బృందమే బిగించేది. పెట్టె వచ్చేది కాదు, బోర్డులూ నాబులూ వచ్చేవి. నేను పాత స్టెబిలైజర్ డొక్కులో అమర్చుకున్నాను. 40 మీటర్ల బ్యాండు (7 మెగాహెర్ట్జ్ దగ్గరి తరంగాలు) ఒక్కటే, పంపేది మాట ఒక్కటే, 12 వోల్టులకు దాదాపు ఏడు వాట్లు.

ఏడు వాట్లు సరిపోతాయా అని అందరూ అడుగుతారు. పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది దాకా హైదరాబాదు, చెన్నై, బెంగళూరు వాళ్లతో హాయిగా మాట్లాడుతున్నాను. మధ్యాహ్నం కాస్త మందం. చీకటి పడ్డాక దూరపు పెద్ద స్టేషన్లు కమ్ముకుంటాయి, మన గొంతు అందులో కలిసిపోతుంది. ఆ వేళల్లో వంద వాట్ల సెట్టు ఉన్నవాళ్లదే పైచేయి, ఒప్పుకోవాల్సిందే.

అయితే ఈ ఆరేళ్లలో నాకు తెలిసొచ్చింది సెట్టు గురించి కాదు, తీగ గురించి. 7.1 మెగాహెర్ట్జ్‌కు డైపోల్, అంటే మధ్యలో కేబుల్ కలిపే రెండు చేతుల యాంటెన్నా తీగ, అటు 33 అడుగులు, ఇటు 33 అడుగులు. మొదట డాబా పిట్టగోడకు కట్టాను. నా మాట విజయవాడ దాటలేదు. తర్వాత దింపు తీసే అబ్బాయిని పిలిచి రెండు కొబ్బరి చెట్ల నడుమ నలభై అడుగుల ఎత్తున కట్టించాను. అతను అప్పుడే అన్నాడు, "ఎక్కడానికేం లేదండి, కానీ మట్ట ఊడి పడిందంటే మీ తీగ ఉండదండి." నేను వినలేదు. నెల తిరక్కుండా మట్ట పడి తీగ రెండు ముక్కలైంది. అప్పట్నుంచి తీగ కొసకు తాడు, ఆ తాడును చెట్టుకు కట్టిన కప్పీ మీదుగా దింపి, కింద ఇటుక వేలాడదీశాను. చెట్టు ఊగితే ఇటుక లేస్తుంది, దిగుతుంది, తీగ మీద లాగుడు పడదు. మట్టలు పడే వైపు వదిలేసి పక్క చెట్టుకు మార్చాను కూడా. ఆ తర్వాత తెగింది ఒక్కసారే, అదీ పెద్ద గాలివానలో.

రెండో శత్రువు ఉప్పుగాలి. అంతర్వేది సముద్రం మాకు దగ్గరే. టంకం వేసిన అతుకులన్నీ ఏడాదికల్లా పచ్చగా చిలుము పట్టాయి. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా సెట్టుకు ఎంత కుదిరిందో చెప్పే కొలత, 1కి దగ్గరుంటే మంచిది) 1.3 నుంచి 3కి పోయింది. సెట్టు నుంచి తీగకు వెళ్లే కేబుల్ కొస విప్పి చూస్తే లోపలి అల్లిక నల్లగా ఉంది. ఇప్పుడు ప్రతి అతుకుకూ సిలికాన్ పూసి, పైన రబ్బరు టేపు చుడతాను. ఏటా దీపావళి ముందు దింపి, తుడిచి, కొలిచి మళ్లీ ఎక్కిస్తాను. కేబుల్ మాత్రం మూడేళ్లకోసారి మార్చాల్సి వస్తోంది.

నేను వదిలేసిన నాటికీ ఇప్పటికీ పెద్ద తేడా చప్పుడు. అప్పుడు బ్యాండు నిశ్శబ్దంగా ఉండేది. ఇప్పుడు ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు, ఇన్వర్టర్లు, అన్నీ గుయ్యిమంటూ వినిపిస్తాయి. మా ఇంట్లో ఒక్కో స్విచ్చీ ఆపుతూ వెతికితే, అన్నిటికంటే ఎక్కువ గోల వంటింటి బల్బుది. మా ఆవిడే చూసి మార్పించింది. ఊరంతా కరెంటు పోయినప్పుడు వినాలి! హోరు ఒక్కసారి తెగిపోతుంది, అంతవరకూ ఉన్నారనే తెలియని స్టేషన్లు పైకి తేలతాయి. అందుకే సెట్టును 12 వోల్టుల చిన్న బ్యాటరీ మీదే నడుపుతాను.

సెట్టు పాడైంది ఒక్కసారి. బ్యాటరీ తీగలు తారుమారు చేసి చివరి ట్రాన్సిస్టర్ ఐఆర్‌ఎఫ్ 510ని కాల్చేశాను. తప్పు నాదే. అది చవకైన భాగం, గంటలో మార్చుకున్నాను. ఇలా విప్పి బాగు చేసుకోగలగడమే ఈ సెట్టులో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం. ఖరీదైన సెట్టయితే పార్సిల్ కట్టి పంపాలి.

2017లో వచ్చిన ఎఫ్‌టీ8 అనే కంప్యూటర్ పద్ధతి గురించి కూడా కొందరు అడుగుతున్నారు. కంప్యూటరే 15 సెకన్లకోసారి పంపుతుంది, వింటుంది. మనకు వినబడనంత సన్నటి సిగ్నల్నీ పట్టేస్తుంది. స్నేహితుడి దగ్గర రెండు వారాలు చూశాను, గొప్పగా పనిచేస్తుంది. నాకు మాత్రం గొంతు కావాలి.

కొత్తగానైనా, మళ్లీగానైనా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఇదే: ఉన్న డబ్బులో సెట్టు మీద తక్కువ పెట్టండి, కేబుల్ మంచిది కొనండి, ఎత్తు సంపాదించండి. డెల్టాలో ఎత్తుకు కొదవ లేదు, తోటలున్నాయి. పోయిన వర్షాకాలం గాలివాన రోజున సెల్ టవర్లు పడిపోతే, చెన్నైలో ఉన్న ఒక హామ్ ద్వారా మా మేనకోడలికి "అందరం బాగున్నాం" అని కబురు పంపాను. పావుగంటలో జవాబు తిరిగొచ్చింది.