వెర్సాచే ప్లేట్ మీద పెరుగన్నం: రీజెంట్ అలాస్కా క్రూజ్ రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, మా నలుగురిలో మందు ముట్టేది నేనొక్కడినే, అదీ ఎప్పుడో నెలకోసారి. నాన్నకి కాఫీ, అమ్మకి మజ్జిగ ఉంటే చాలు, మా ఆవిడకి అవి కూడా అక్కర్లేదు. అలాంటి వాళ్ళం పోయి పోయి "అన్నీ టికెట్లోనే" అనే రీజెంట్ సెవెన్ సీస్ అనే క్రూజ్ కంపెనీ వాళ్ళ ఎక్స్‌ప్లోరర్ షిప్ ఎక్కాం, కెనడాలోని వాంకూవర్ నుంచి అలాస్కాలోని సీవార్డ్ దాకా ఏడు రాత్రులు. అమ్మానాన్నలది నలభయ్యో పెళ్ళిరోజు, మేం ఉండేది సియాటిల్, వాంకూవర్‌కి కార్లో మూడు గంటలు, ఇంకేం కావాలి అనుకున్నాం.

మొదటి దెబ్బ షిప్ ఎక్కకముందే తగిలింది. మాకు బుక్ చేసిన ట్రావెల్ ఏజెంట్ (పేరొద్దులెండి) "క్రూజే కదండీ, అమెరికా వీసా ఉంటే చాలు" అని బల్ల గుద్ది చెప్పాడు. షిప్ బయల్దేరేది కెనడాలో, అమ్మానాన్నలకి ఉన్నది ఇండియన్ పాస్‌పోర్ట్ మీద అమెరికా విజిటర్ వీసా, దాంతో కెనడాలోకి రానివ్వరు, కెనడా వీసా విడిగా తీసుకోవాల్సిందే. గ్రీన్ కార్డ్ ఉన్న మాకు అక్కర్లేదు కాబట్టి నాకూ తట్టలేదు. తెలిసిన రోజు నుంచి వేలిముద్రలు, పేపర్లు, ఎదురుచూపులు, చివరికి ప్రయాణానికి తొమ్మిది రోజుల ముందు చేతికొచ్చాయి. పేరెంట్స్‌ని తీసుకెళ్ళే వాళ్ళు మిగతాది చదివినా చదవకపోయినా ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఇక షిప్. జనం ఏడొందల యాభై లోపే, సిబ్బందే ఐదొందల పైచిలుకు. రాయల్ కరీబియన్ ఐకాన్ ఆఫ్ ద సీస్‌లో రూమ్‌కి ఇద్దరు చొప్పున లెక్కేసినా 5,600 దాటతారు, అక్కడ లిఫ్ట్ దగ్గరే పెళ్ళి భోజనాల క్యూ, ఇక్కడ ఏడు రోజుల్లో నేను క్యూ అన్నదే చూడలేదు. రూములన్నీ సూట్లే, అన్నిటికీ బాల్కనీ, మాది అన్నిటికన్నా చిన్నరకం, బాల్కనీతో కలిపి 307 చదరపు అడుగులు, అయినా అమ్మ "మన మొదటి అద్దిల్లు ఇంతే కదండీ" అంది నాన్నతో. గోడల మీద పికాసో బొమ్మలు. నాన్న ఒకదాని ముందు చాలాసేపు నిలబడి, ఇది తిన్నగానే తగిలించారా అని అడిగారు.

టికెట్లో ఏమొస్తాయి అంటే మందు, అన్ని రెస్టారెంట్లు, టిప్పులు, వైఫై, బట్టలుతికి ఇస్త్రీ చేసివ్వడం, రోజూ నింపే ఫ్రిజ్, రేవుల్లో దిగినప్పుడు చాలావరకు టూర్లు. రానివి స్పా, క్యాసినో, డాక్టర్, బాగా ఖరీదైన వైన్లు, హెలికాప్టర్లో గ్లేసియర్ (మంచునది) మీద దింపే టూర్ల లాంటివి, వాటికి అదనంగా కట్టాలి. విమానంతో కలిపి ఒక రేటు, లేకుండా ఒక రేటు ఉంటాయి, మాలాగా దగ్గర్లో ఉన్నోళ్ళు విమానం లేనిదే అడగండి.

మరి గిట్టుబాటవుతుందా? నిజం చెప్పాలంటే మందు తాగని వాళ్ళు తాగేవాళ్ళ బిల్లులో వాటా కడుతున్నట్టే. మొదటి రాత్రి ఆ ముగ్గురి వాటా కూడా నేనే లాగించి లెక్క సరిచేద్దామని కూర్చున్నా, దాని ఫలితం రెండో రోజు ఇన్‌సైడ్ పాసేజ్ (దీవుల మధ్య నుంచి పోయే దారి) అందాలన్నీ కర్టెన్ వేసుకుని పడుకుని మా ఆవిడ ఫోన్లో చూశా. టిప్పులు చూస్తే, మామూలు క్రూజుల్లో మనిషికి రోజుకి 16 నుంచి 20 డాలర్లు పడుతుంది, నలుగురికి ఏడు రోజులంటే ఐదొందల దాకా, అది మిగిలింది. కానీ అసలు డబ్బులు తిరిగొచ్చేది టూర్లలో. స్కాగ్వేలో వైట్ పాస్ రైలు మాకు టికెట్లోనే వచ్చింది, 1898లో బంగారం కోసం జనం ఎగబడ్డప్పుడు మొదలెట్టి 1900కి పూర్తిచేసిన చిన్న గేజ్ లైను, 20 మైళ్ళలో 2,865 అడుగులు ఎక్కుతుంది, పైకెళ్ళేటప్పుడు ఎడమ పక్క కూర్చోండి, లోయంతా అటే. అరకు రైలంటే పడిచచ్చే నాన్న అసలు సీట్లో కూర్చుంటే కదా, చలిలో బయట ప్లాట్‌ఫామ్ మీదే నిలబడ్డారు. జూనోలో మెండెన్‌హాల్ గ్లేసియర్, సిట్కాలో రష్యా వాళ్ళు 1867లో అలాస్కాని అమెరికాకి అప్పజెప్పిన గుట్ట కూడా చూశాం. కెచికాన్‌లో వాన తప్ప నాకేం గుర్తులేదు.

హబ్బర్డ్ గ్లేసియర్ రోజు మాత్రం డబ్బుల లెక్క మర్చిపోయా. 76 మైళ్ళ పొడవు, సముద్రంలోకి దిగేచోట ఆరు మైళ్ళ వెడల్పు, షిప్ ఇంజిన్ చప్పుడు తగ్గించి అలా నిలబడితే లోపలెక్కడో ఉరిమినట్టు శబ్దం, చూస్తుండగానే ఇంటంత మంచుముక్క విరిగి పడింది. చూస్తున్నదానికి, శబ్దం చెవిన పడేదానికి మధ్య తేడా ఉంది, అంత దూరం అన్నమాట.

తిండికొస్తే, శాకాహారులు ప్రైమ్ 7 బుకింగ్ కోసం ఆరాటపడకండి, అది స్టీక్ హౌస్. ఆసియా వంటల రెస్టారెంట్ పసిఫిక్ రిమ్ బాగుంటుంది, దాని గుమ్మం ముందు పెద్ద కంచు టిబెటన్ ప్రార్థనా చక్రం ఉంది, అమ్మ భోజనానికి వెళ్ళినా వెళ్ళకపోయినా రోజూ సాయంత్రం దాన్ని తిప్పి దణ్ణం పెట్టుకునేది. మెయిన్ డైనింగ్ కంపాస్ రోజ్‌లో ముందు రోజు చెప్తే పప్పు, కూర చేసిపెట్టారు, ఉత్తరాది రుచే గానీ వేడిగా, ప్రేమగా. నాలుగో రోజుకి అమ్మ ఇవన్నీ వద్దు పెరుగన్నం చాలంది. మా వెయిటర్ గోవా అబ్బాయి, "ఆంటీ, టూ మినిట్స్" అని వెళ్ళి, వెర్సాచే (ఇటలీ ఫ్యాషన్ బ్రాండ్) ప్లేట్ మీద గిన్నె పెట్టి, పైన పుదీనా ఆకు నిలబెట్టి తెచ్చాడు. అమ్మ ఆ ఆకు పక్కన పెట్టి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి మాగాయ సీసా తీసింది. పక్క టేబుల్ టెక్సాస్ ముసలాయన ఏంటని అడిగి కొంచెం వేయించుకుని, మర్నాటి నుంచి రోజూ మా టేబుల్ చుట్టూనే తిరిగాడు.

జనం ఎక్కువగా రిటైరైన అమెరికన్లే. వాటర్ స్లైడ్లు, గోల ఏం ఉండవు, చిన్నపిల్లలుంటే ఇటు రాకండి, బోర్ కొట్టి మిమ్మల్ని పీక్కుతింటారు. సాయంత్రం జీన్స్ కుదరదు, నేను ఉన్న రెండు ప్యాంట్లే తిప్పితిప్పి వేశా, అమ్మ గద్వాల చీర కట్టిన రోజు మాత్రం లిఫ్ట్‌లో అడిగిన వాళ్ళందరికీ జరీ గురించి నేనే క్లాస్ పీకాల్సొచ్చింది.

ఆఖరి రోజు బిల్లొచ్చింది. సున్నా ఉంటుందని ధీమాగా ఉన్నా, చూస్తే మసాజ్ అని ఒక లైను. అక్కడ రేట్ల కార్డు ఉంది, అడక్కపోవడం మాదే తప్పు. నాన్నని అడిగితే, "అన్నీ ఫ్రీ అన్నావు కదరా, ఒక్కసారికి ఎలా ఉంటుందో చూద్దామని వెళ్ళా, బానే ఉందిలే" అన్నారు, సీవార్డ్ నుంచి ఆంకరేజ్ బస్సు ఎక్కేదాకా అమ్మ ఆయనతో మాట్లాడలేదు.