కొత్తవాడ మగ్గాల దగ్గర మత్తు మాన్పించే సేవ: మా అనుభవం

హన్మకొండలో నాకు మందుల షాపు ఉంది. నిద్రమాత్రలకో దగ్గు సిరప్‌కో చీటీ లేకుండా వచ్చే కుర్రాళ్లను రోజూ చూస్తుంటాను. ఆల్ప్రజోలం అనే నిద్రమాత్ర షెడ్యూల్ హెచ్1 మందు, అంటే అమ్మకం మీద కట్టడి ఎక్కువున్న జాబితాలోది. డాక్టర్ చీటీ లేనిదే ఇవ్వకూడదు, ఇచ్చిన ప్రతిసారీ రిజిస్టర్‌లో రాయాలి, ఆ రిజిస్టర్ 3 ఏళ్లు దాచాలి. అదే మందు కల్తీ కల్లులో కలిసి ఏ చీటీ లేకుండా గొంతులోకి దిగుతోంది. కామారెడ్డి వైపు ఉండే మా అక్క కొడుక్కి అలవాటైంది అలాగే. వరంగల్‌లోని కొత్తవాడలో వాడికి దొరికిన సాయం గురించి నలుగురికీ తెలియాలని రాస్తున్నాను.

దీన్ని నడిపేది జంపఖానాలు నేసే కొందరు పెద్దలు, ఇద్దరు రిటైర్డ్ టీచర్లు, శనివారాలు వచ్చే ఒక కౌన్సెలర్. బోర్డు లేదు, ఫీజు లేదు. వెళ్లగానే వాడిని చేర్చుకోలేదు. "ముందుగాల సర్కారు దవాఖానల చూపిచ్చుకొని రాండ్రమ్మా" అన్నారు. నాకు అక్కడే నమ్మకం కుదిరింది. ఆల్ప్రజోలం ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. డాక్టర్ చూస్తూ డోసు మెల్లగా తగ్గించాలి. అంతకుముందు అక్క చేర్పించిన ప్రైవేటు సెంటర్లో ఈ ఊసే లేదు. గదిలో పెట్టి తాళం వేయడమే వాళ్ల వైద్యం.

ఇక్కడ ఉపన్యాసాలు ఉండవు. వెడల్పు జంపఖానా ఒక్కడి వల్ల కాదు, ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఒకవైపు తాత, ఇంకోవైపు పిల్లాడు. "ఫోను గూట్లె పెట్టు బిడ్డా, పోగు తెగితే కనవడది" అంటాడు తాత, అంతే. పేక పోగు పడుగులోంచి దాటించి, దువ్వెనలాంటి ఇనుప పంజాతో దగ్గరికి కొట్టాలి. మొదట్లో మావాడి చేతులు వణికేవి, నేత వదులుగా వచ్చేది. తాత ఒక్క మాట అనకుండా ఆ చోటే మళ్లీ కొట్టి బిగించేవాడు. మొన్న వెళ్తే "చిన్నమ్మా, ఈ నీలం పట్టీ మొత్తం నాదే" అని వేలు పెట్టి చూపించాడు. అక్క అక్కడే ఏడ్చేసింది.

శనివారం తల్లులకు మీటింగ్. అందులో కౌన్సెలర్ కెనడా ఉత్తరాన, బాఫిన్ దీవిలో ఉన్న క్లైడ్ రివర్ అనే ఊరి గురించి, అక్కడి ఆదివాసులైన ఇనూయిట్ల గురించి చెప్పారు. అక్కడ ఇలిసాక్సివిక్ అనే సంస్థ ఊరివాళ్లకే కౌన్సెలింగ్‌లో శిక్షణ ఇస్తుంది. పెద్దవాళ్లు పిల్లలను వెంటబెట్టుకుని మంచు మీదికి తీసుకెళ్తారు, కుక్కల బండి తోలడం, సీల్ వేట నేర్పిస్తారు. ఆ ఊరి దగ్గరి సముద్రంలో చమురు కోసం పేలుడు శబ్దాలతో సర్వే చేయడానికి 2014లో అనుమతి ఇచ్చారు. సీల్స్, నార్వాల్స్ అనే కొమ్ము తిమింగలాలు బెదిరి పోతే తమ బతుకే పోతుందని ఊరు కోర్టుకెక్కింది. 2017 జులై 26న కెనడా సుప్రీంకోర్టు ఆ అనుమతిని కొట్టేసింది. కానీ వేడిమి ఏ కోర్టుకు లొంగుతుంది? ఉత్తర ధ్రువం చుట్టూ ఉండే ఆర్కిటిక్ భూమి మొత్తం సగటు కంటే దాదాపు 4 రెట్లు వేగంగా వేడెక్కుతోందట. మంచు పలచబడితే వేట మీదికి వెళ్లడమే ప్రమాదం. పిల్లలను నిలబెట్టే చోటే కరిగిపోతుంటే వాళ్లను ఎక్కడికి తీసుకెళ్లాలి?

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు, ఎందుకంటే కొత్తవాడలోనూ మగ్గాలు తగ్గుతున్నాయి. వరంగల్ జంపఖానాకు 2018లో జీఐ గుర్తింపు (ఈ ప్రాంతపు సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చింది, నేతగాళ్ల పిల్లలు మాత్రం ఆ పనిలోకి రావడం లేదు. ఈ తాతల తర్వాత మావాడిలాంటి వాళ్ల పక్కన కూర్చునేదెవరు? కొనేవాళ్లు ఒక్క జంపఖానా అయినా ఇక్కడే కొనండి, ఈ సేవ నడిచేది ఆ డబ్బుతోనే.

లోటు ఒకటుంది, పెద్దదే. ఆడపిల్లలకు ఏర్పాటు లేదు. వాళ్లకు ఇలాంటి అలవాట్లుండవని అనుకుంటున్నారేమో, నా కౌంటర్ దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. ఈ మాట వాళ్లతో చెప్పాను, ఆలోచిస్తామన్నారు. అందుకే ఈ సేవకు నేనిచ్చేది ఐదుకు నాలుగు మార్కులు.

వెళ్లేవాళ్లు డాక్టర్ చీటీ తప్పకుండా పట్టుకెళ్లండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే 14446కు ఫోన్ చేయండి, అది మత్తు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఉచితం. పోలీసు కేసు అవుతుందని పిల్లాడిని ఇంట్లో దాచకండి. కొద్ది మోతాదుతో దొరికినవాళ్లు తమంతట తామే సర్కారు దవాఖానలో చికిత్సకు వెళ్తే మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ వాళ్లకు రక్షణ ఇస్తుంది.