గోల్కొండ నడక: మాదన్న గురించి మంచి వివరణ, కొంత తొందర

గోల్కొండ కోటను చరిత్ర వివరణతో చూపించే నడకలు ఇప్పుడు చాలానే ఉన్నాయి గాని, నేను వెళ్లిన నడకలో మాదన్నకు దక్కినంత చోటు మరెక్కడా చూడలేదు. అబుల్ హసన్ తానీషా కొలువులో మాదన్న మీర్ జుమ్లాగా, అంటే ఆర్థిక వ్యవహారాలు చూసే ప్రధాన మంత్రిగా, రాజ్య ఆదాయాన్ని, శిస్తు వసూళ్లను తన చేతిలోకి తీసుకున్న తీరునూ, 1677లో శివాజీ హైదరాబాదుకు వచ్చినప్పుడు కుదిరిన ఒప్పందంలో ఆయన పాత్రనూ, అక్కన్న మాదన్నల కార్యాలయాలుగా చెప్పే కట్టడం దగ్గర నిలబెట్టి వివరించడం నాకు ఎంతో నచ్చింది. సుల్తాను కొలువులో ఒక తెలుగు బ్రాహ్మణుడికి అంత అధికారం దక్కడం కొందరు అమీర్లకు, అంటే కొలువులోని ప్రముఖులకు, కంటగింపు కావడం, చివరికి అన్నదమ్ములిద్దరూ హత్యకు గురికావడం కూడా దాచకుండా చెప్పారు. రామదాసు చెర దగ్గర మాత్రం మామూలు కథే విన్నాం; ఆయన మాదన్నకు మేనల్లుడన్న మాటను ఒక్క వాక్యంతో దాటవేశారు. 1687లో ఔరంగజేబు సేనకు కోట లొంగిన ఘట్టమూ హడావిడిగానే ముగిసింది. రుసుము కాస్త ఎక్కువే. మెట్లు ఎక్కలేని పెద్దలకు కింది భాగం వరకే వెళ్లే ఏర్పాటు ఉంటే బాగుండేది. చరిత్రపై ఆసక్తి ఉన్నవారికి నిస్సందేహంగా సూచిస్తాను. ఫొటోల కోసమే వెళ్లేవారికి ఇంత వివరణ అవసరం లేదు.