ఆడిట్ లేకుండా ఎస్‌ఏ8000, ఐఎస్‌ఓ 26000 సర్టిఫికెట్లు ఇప్పిస్తామంటే డబ్బు కట్టకండి

ఎగుమతులు చేసే చిన్న యూనిట్ల వాళ్లు, ముఖ్యంగా బట్ట సంచులు, దుస్తులు, తోలు వస్తువులు, చేతిపని సరుకు చేసేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. "సోషల్ సర్టిఫికెట్, ఎన్విరాన్‌మెంట్ సర్టిఫికెట్ కలిపి వారంలో ఇప్పిస్తాం" అని ఫోన్ చేసే ఏజెన్సీల్లో ఒకదానికి మేం జీఎస్టీతో కలిపి 1,18,000 రూపాయలు కట్టాం. వచ్చిన మూడు సర్టిఫికెట్లలో ఒక్కటీ చెల్లలేదు. డబ్బు పోవడం ఒక ఎత్తు, ఏళ్లుగా సరుకు తీసుకుంటున్న బయ్యర్ దగ్గర మా మాటకున్న విలువ పోవడం ఇంకో ఎత్తు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి ఏజెన్సీ పేరు రాయడం లేదు. ఇదే పని రకరకాల పేర్లతో చాలామంది చేస్తున్నారు, అందుకే పేరు కంటే వాళ్ల పద్ధతి తెలుసుకోవడం ముఖ్యం.

మాది హైదరాబాద్ శివార్లలో కాటన్ సంచులు కుట్టే యూనిట్. పనిచేసేవాళ్లు దాదాపు అందరూ ఆడవాళ్లే. మా సరుకు జర్మనీలో ఒక దిగుమతిదారుకు వెళ్తుంది, ఆయన అక్కడి పెద్ద స్టోర్లకు ఇస్తాడు. జర్మనీలో సరఫరా గొలుసు చట్టం 2023 జనవరి 1న అమల్లోకి వచ్చింది. మొదట 3,000 మంది, ఆపైన ఉద్యోగులున్న కంపెనీలకు, 2024 నుంచి 1,000 మంది ఉన్నవాటికీ వర్తింపజేశారు. తమకు సరుకు ఇచ్చేవాళ్ల దగ్గర బాల కార్మికులు, వెట్టిచాకిరీ లాంటివి లేకుండా ఆ కంపెనీలు చూసుకోవాలి. చట్టం మనమీద నేరుగా పడదు గానీ, స్టోరు దిగుమతిదారును అడుగుతుంది, ఆయన మనల్ని అడుగుతాడు. అలా మాకు మెయిల్ వచ్చింది: ఎస్‌ఏ8000 (కార్మికుల హక్కులు, పని పరిస్థితుల ప్రమాణం) సర్టిఫికెట్ గానీ స్మెటా (యూనిట్‌కి వచ్చి పని పరిస్థితులు చూసి రాసే) ఆడిట్ రిపోర్టు గానీ పంపండి, ఐఎస్‌ఓ 14001 (పర్యావరణ నిర్వహణ ప్రమాణం) కూడా ఉంటే మంచిది అని.

ఆ తర్వాత ఏజెన్సీ వాళ్ల ఫోన్. "మేడం, స్మెటా ఎందుకు, అది ఒట్టి రిపోర్టే. మీకు మూడు సర్టిఫికెట్లు ఇప్పిస్తాం. ఎస్‌ఏ8000, ఐఎస్‌ఓ 14001, ఐఎస్‌ఓ 26000. ఆడిట్ టెన్షన్ ఏమీ లేదు, అంతా ఆన్‌లైనే. 14001 గోడకి తగిలిస్తే పొల్యూషన్ బోర్డు వాళ్లు కూడా మీ జోలికి రారు." ఇందులో స్మెటా అనేది రిపోర్టు అన్నది ఒక్కటే నిజం.

ముందు ఐఎస్‌ఓ 26000 సంగతి. సామాజిక బాధ్యత గురించి 2010లో వచ్చిన మార్గదర్శక పత్రం అది. దానికి సర్టిఫికెట్ అనేదే లేదు. దాన్ని సర్టిఫికెట్ల కోసం వాడకూడదని, అలా ఇస్తామని ఎవరైనా అంటే అది ఆ పత్రాన్ని దుర్వినియోగం చేయడమేనని ఆ పత్రంలోనే రాసి ఉంది. అంటే "ఐఎస్‌ఓ 26000 సర్టిఫైడ్" అని ఎవరి లెటర్‌హెడ్ మీద కనిపించినా అది చెల్లని ముక్కే. ఎవరైనా ఈ సర్టిఫికెట్ ఇప్పిస్తామంటే మిగతా మాటలు వినకుండా ఫోన్ పెట్టేయండి. ఇంతకంటే తేలికైన గుర్తు ఇంకోటి లేదు.

ఐఎస్‌ఓ 14001 మాత్రం అసలైన ప్రమాణమే. అయితే ఐఎస్‌ఓ సంస్థ ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు, ప్రమాణం రాయడం వరకే దాని పని. సర్టిఫికెట్ ఇచ్చేవి వేరే సంస్థలు, ఆ సంస్థలకు ఆ అర్హత ఉందని చెప్పేది అక్రెడిటేషన్ బోర్డు. మన దేశంలో ఆ బోర్డు ఎన్‌ఏబీసీబీ, క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింద పనిచేస్తుంది. మొదటిసారి తీసుకునేటప్పుడు ఆడిట్ స్టేజ్ 1, స్టేజ్ 2 అని రెండు దశల్లో జరగాలి. సర్టిఫికెట్ మూడేళ్లు ఉంటుంది, మధ్యలో ఏటా సర్వైలెన్స్ ఆడిట్, అంటే పద్ధతి ఇంకా నడుస్తోందా అని చూసే తనిఖీ, ఉంటుంది. ఇక పొల్యూషన్ బోర్డు అనుమతి చట్టం అడిగేది. అది అవసరమైన యూనిట్‌కు ఎన్ని ఐఎస్‌ఓలు ఉన్నా అది తీసుకోక తప్పదు.

ఎస్‌ఏ8000ను 1997లో తెచ్చింది న్యూయార్క్‌లోని సోషల్ అకౌంటబిలిటీ ఇంటర్నేషనల్. బాల కార్మికులు, బలవంతపు పని, ఆరోగ్యం భద్రత, సంఘం పెట్టుకునే హక్కు, వివక్ష, శిక్షలు, పనిగంటలు, జీతాలు, వీటన్నిటినీ నడిపే మేనేజ్‌మెంట్ పద్ధతి, ఇవీ అందులో చూసేవి. మామూలు పని వారానికి 48 గంటలు దాటకూడదు, ఓటీ వారానికి 12 గంటలు మించకూడదు, అదీ కార్మికుల ఇష్టంతోనే. ఇవన్నీ తేలాలంటే ఎవరో ఒకరు యూనిట్‌కి వచ్చి హాజరు పుస్తకం, జీతాల రిజిస్టర్, పీఎఫ్, ఈఎస్‌ఐ చలాన్లు పక్కపక్కన పెట్టి చూడాలి, కార్మికులతో విడిగా మాట్లాడాలి. మా దగ్గరికి ఒక్కరూ రాలేదు.

వచ్చింది కొరియర్‌లో ఒక లావుపాటి ఫైలు. దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి, మీ చేతికి ఇలాంటిది వస్తే వెంటనే గుర్తుపడతారు. మొదటి పేజీల్లో మా కంపెనీ పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. లోపల భద్రత పాలసీలో "బాయిలర్ ఆపరేటర్లకు శిక్షణ" అని ఉంది. మా దగ్గర బాయిలరే లేదు, కుట్టు మెషీన్లు, కట్టింగ్ టేబుల్, ఇస్త్రీ బల్లలు తప్ప. ఇంకో చోట వేరే ఊళ్లోని కెమికల్ కంపెనీ పేరు చెరపకుండా అలాగే వదిలేశారు. తర్వాత "కార్మికుల ఇంటర్వ్యూ రికార్డు" అని కొన్ని షీట్లు. మా దగ్గర ఎప్పుడూ పనిచేయని వాళ్ల పేర్లు, వాళ్లు చెప్పినట్టుగా జవాబులు: జీతం సమయానికి వస్తుంది, తాగునీరు బాగుంది, ఎవరూ తిట్టరు. అవి చదివినప్పుడు నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. మా వాళ్లకు జీతం నిజంగానే సమయానికి ఇస్తున్నాం. ఆ మాట మా వాళ్ల నోట వింటే దానికో విలువ ఉండేది. లేని మనుషులతో చెప్పించి దాన్నీ అబద్ధం చేసేశారు.

ఫైలు చివర శిక్షణ హాజరు షీట్లు ఖాళీగా ఉన్నాయి. "మీవాళ్లతో సంతకాలు పెట్టించి స్కాన్ పంపండి మేడం" అని వాట్సాప్‌లో మెసేజ్. మా దగ్గర అందరికంటే సీనియర్ ఒకావిడ ఆ షీటు చేతిలోకి తీసుకుని "ఏందమ్మా, ఖాళీ కాయితం మీద సంతకం పెట్టాల్నా?" అని అడిగింది. పెట్టొద్దన్నాను, షీట్లు పక్కన పెట్టేశాను. అవి పంపకపోయినా సర్టిఫికెట్లు మాత్రం వచ్చేశాయి.

సర్టిఫికెట్లు చూడ్డానికి బాగుంటాయి. బంగారు రంగు అంచు, హోలోగ్రామ్, క్యూఆర్ కోడ్, ఎక్కడో విదేశీ అడ్రసు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వాళ్ల సొంత వెబ్‌సైట్‌లోనే "వ్యాలిడ్" అని చూపిస్తుంది. దానివల్ల ఏమీ రుజువు కాదు. అక్రెడిటేషన్ లోగో ఉండాల్సిన చోట పెద్ద పెద్ద పదాలతో ఒక సంస్థ పేరు ఉంది, దానికి గుర్తింపు ఇచ్చినవాళ్లెవరో ఎక్కడా లేదు.

వాటిని బయ్యర్‌కి పంపితే జర్మనీ నుంచి జవాబు వెంటనే వచ్చింది. ఐఎస్‌ఓ 26000కి సర్టిఫికెట్ ఉండదు, ఎస్‌ఏ8000 జాబితాలో మీ పేరు లేదు, 14001 ఇచ్చిన సంస్థకు గుర్తింపు లేదు, వివరణ ఇచ్చేదాకా కొత్త ఆర్డర్ ఆపుతున్నాం అని. మేం మోసపోయామా, మేమే మోసం చేస్తున్నామా అన్నది ఆయనకు అక్కడినుంచి ఎలా తెలుస్తుంది? ఫైలు స్కాన్లు, డబ్బు కట్టిన రసీదులు, వాట్సాప్ చాట్ అన్నీ పంపితే గానీ నమ్మలేదు.

ఏజెన్సీని అడిగితే ఇన్వాయిస్ చూసుకోమన్నారు. అందులో సర్టిఫికేషన్ అన్న మాటే లేదు, "డాక్యుమెంటేషన్ సర్వీస్ ఛార్జీలు" అని రాశారు. డాక్యుమెంట్లు ఇచ్చాం కదా, రీఫండ్ లేదు అని వాళ్ల వాదన. పైగా వచ్చే ఏడాది సర్వైలెన్స్ ఫీజు కట్టకపోతే సర్టిఫికెట్ రద్దవుతుందని బెదిరింపు. డబ్బు కట్టేముందు ఇన్వాయిస్‌లో ఏం రాస్తారో, సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ పేరేంటో రాతలో అడిగి తీసుకోండి.

వినియోగదారుల కమిషన్‌కి వెళ్దామనుకునేవాళ్లకు ఒక మాట. 2019 చట్టం ప్రకారం వ్యాపార అవసరానికి కొన్నవాళ్లు వినియోగదారుల కిందికి రారు, బతుకుతెరువు కోసం స్వయం ఉపాధి చేసుకునేవాళ్లకు మాత్రం మినహాయింపు ఉంది. మీరు ఏ కోవలోకి వస్తారో ముందు లాయర్‌తో మాట్లాడుకోండి. మేం పోలీసు ఫిర్యాదు ఇచ్చాం. మోసానికి భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 318 ఉంది. డబ్బు ఆన్‌లైన్‌లో పంపి ఇంకా ఎక్కువ సమయం కాకపోతే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

కట్టేముందు చూసుకోవాల్సింది ఇంతే. 14001 ఇచ్చే సంస్థ పేరు అడిగి ఎన్‌ఏబీసీబీ వెబ్‌సైట్‌లో వెతకండి. విదేశీ అక్రెడిటేషన్ అంటే ఆ బోర్డు ఏదో అడగండి. ఐఏఎఫ్ సర్ట్‌సెర్చ్ అనే సైట్‌లో ఆ సంస్థ గానీ, అది ఇచ్చిన సర్టిఫికెట్లు గానీ కనిపిస్తాయేమో చూడండి. ఎస్‌ఏ8000కైతే సర్టిఫికెట్ ఉన్న యూనిట్ల జాబితా బయటికే ఉంటుంది. ఆడిటర్ ఎన్ని రోజులు ఉంటారో అడగండి, అది మీ దగ్గర పనిచేసేవాళ్ల సంఖ్యను బట్టి మారుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఫైలు తయారుచేసేవాళ్లే సర్టిఫికెట్ కూడా ఇస్తామంటే అక్కడే ఆగిపోండి. అక్రెడిటేషన్ ఉన్న సంస్థ తాను సర్టిఫికెట్ ఇచ్చే యూనిట్‌కి కన్సల్టెన్సీ చేయకూడదు. మంచి కన్సల్టెంట్లూ ఉన్నారు. వాళ్లు మనల్ని ఆడిట్‌కి సిద్ధం చేస్తారు, పాస్ చేయిస్తామని మాట ఇవ్వరు.

తర్వాత మేం స్మెటా చేయించాం, బయ్యరే ఒప్పుకున్న ఆడిట్ కంపెనీతో. ఆడిటర్ వచ్చీ రాగానే వెనక తలుపు దగ్గరికెళ్లి తెరవమన్నారు, దానికి అడ్డంగా బట్ట బేళ్లు ఉన్నాయి. మరకలు తీసే ద్రావణం సీసాకు లేబుల్ లేదు, రెండు మెషీన్లకు నీడిల్ గార్డ్ (వేలికి సూది తగలకుండా ఉండే అడ్డు) సరిగ్గా లేదు. అన్నీ రిపోర్టులో రాశారు, సరిచేసుకోడానికి గడువు ఇచ్చారు. మమ్మల్ని గదిలోంచి బయటికి పంపి మా వాళ్లతో మాట్లాడారు. స్మెటాలో పాస్, ఫెయిల్ ఉండవు, లోపం ఏంటి, ఎప్పటిలోగా దిద్దుకుంటారు అన్నదే ఉంటుంది. లోపాలున్న ఆ రిపోర్టును బయ్యర్ అంగీకరించాడు, ఆర్డర్ మళ్లీ మొదలైంది.

ఇప్పుడిప్పుడే మొదలుపెట్టేవాళ్లు కేంద్ర ఎంఎస్‌ఎంఈ శాఖవారి జెడ్ (జీరో డిఫెక్ట్, జీరో ఎఫెక్ట్: సరుకులో లోపం, పర్యావరణానికి హాని లేకుండా చేయడం) సర్టిఫికేషన్ కూడా చూడండి. బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అని మూడు స్థాయిలు. ఫీజులో సూక్ష్మ యూనిట్లకు 80 శాతం, చిన్నవాటికి 60, మధ్యతరహావాటికి 50 శాతం రాయితీ పెట్టారు, మహిళలు నడిపే యూనిట్లకు పూర్తి రాయితీ ప్రకటించారు. ఉద్యమ్ (ఎంఎస్‌ఎంఈ రిజిస్ట్రేషన్) నంబరుతో మనమే దరఖాస్తు పెట్టుకోవచ్చు, మధ్యలో ఏజెంట్ అక్కర్లేదు. విదేశీ బయ్యర్ దీన్ని ఎస్‌ఏ8000 బదులుగా తీసుకోకపోవచ్చు గానీ, అసలు ఆడిట్‌కి ముందు మన ఇల్లు మనం సర్దుకోడానికి పనికొస్తుంది.

ఇలాంటి సర్టిఫికెట్లు ఇప్పటికే బయ్యర్‌కి పంపేసినవాళ్లు ఎవరైనా ఉంటే, బయ్యరే కనిపెట్టేదాకా ఆగొద్దు. మీరే ముందు మెయిల్ రాయండి, రసీదులు జతచేయండి, నిజమైన ఆడిట్ ఎప్పుడు చేయిస్తారో తేదీ చెప్పండి. వెబ్‌సైట్ మీద, సంచుల ట్యాగ్‌ల మీద, విజిటింగ్ కార్డుల మీద ఆ లోగోలు ఉంటే ఈరోజే తీసేయండి.