తిరుపతిలో 'వాంతి మాత్ర' కొంటున్నారా, రేకు చూసి కొనండి

బస్సు పడనివాళ్లను వెంటబెట్టుకుని కొండకు పోయేవాళ్లు ఇది చదవండి. తిరుపతి బస్టాండు దగ్గర ఓ మందుల షాపులో మొన్న మాకు జరిగింది చెప్తున్నా. షాపు పేరు రాయను.

మా అత్తమ్మకు ఘాట్ రోడ్డంటే హడల్. బస్సు వాంతులకు వేసుకునే అవోమిన్ మాత్ర ఇవ్వమని పేరు పెట్టే అడిగాను. కౌంటర్లో అబ్బాయి వేరే స్ట్రిప్పులోంచి రెండు మాత్రలు కత్తెరతో కత్తిరించి కాగితం కవర్లో వేశాడు. ఇదేంటంటే "అదీ ఇదీ ఒకటేనక్కా, వాంతికే కదా" అన్నాడు. పైగా వాంతులు ఆపుతుందంటూ మణికట్టుకు కట్టుకునే బ్యాండొకటి నూట యాభైకి అంటగట్టాడు. బిల్లు అడిగితే వినపడనట్టు పక్కాయనతో మాటల్లో పడ్డాడు. అలిపిరి దాటి మలుపులు మొదలయ్యాయో లేదో, అత్తమ్మ వాంతికి కవరు అందుకుంది. ఆ మాత్రల ముక్క తీసి చూస్తే రేకు మీద 'ఆండాన్‌సె' వరకే ఉంది. ఎక్స్‌పైరీ తేదీ ఉన్న అంచు షాపులోనే ఉండిపోయింది.

ఒకటే ఎట్లా అవుతుంది? ఆండాన్‌సెట్రాన్ మంచి మందే. కడుపులో ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు, కీమోథెరపీ చేయించుకున్నప్పుడు అయ్యే వాంతులకు డాక్టర్లు అదే రాస్తారు. కానీ బస్సు వాంతులు కడుపులో పుట్టేవి కావు. శరీరం ఊగుతోందని లోపలి చెవి చెప్తుంది, ఎదుటి సీటు కదలడం లేదని కళ్లు చెప్తాయి, మెదడుకు తిక్క పుడుతుంది. దాన్ని ఆపేది అవోమిన్‌లో ఉండే ప్రోమెథజైన్ లాంటి మందులు. బ్యాండుకైతే గట్టి రుజువంటూ లేదు.

సరైన మాత్ర దొరికినా బస్సెక్కాక మింగితే లాభం తక్కువ. గంటా రెండు గంటల ముందే వేసుకోవాలి. మత్తు బాగా వస్తుంది, కారు నడిపేవాళ్లు దాని జోలికి పోవద్దు. రెండేళ్లలోపు పిల్లలకు ఇవ్వనే కూడదు. గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు), ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న పెద్దవాళ్లకు డాక్టర్ని అడగకుండా వేయకండి. దర్శనం క్యూలో తూగుతూ నిలబడాల్సి రావచ్చు, అదీ లెక్కలో పెట్టుకోండి. దిగే దారిలో మలుపులు ఎక్కువ, ఎక్కేటప్పుడు బాగున్నవాళ్లు కూడా అక్కడ దొరికిపోతారు. ముందు సీటు పట్టి, ఫోన్ లోపల పెట్టి, దూరంగా రోడ్డు మీదే చూపు ఉంచితే చాలామందికి సగం తగ్గుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

కొనేటప్పుడు మందు పేరు, తేదీ రెండూ కనపడే ముక్కే కత్తిరించమనండి. అడిగింది కాకుండా ఇంకోటి చేతిలో పెడితే తీసుకోకండి. బిల్లు ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కూ చెప్పొచ్చు. మరుసటి రోజు బ్యాండు వెనక్కి ఇవ్వబోతే ఆ అబ్బాయి మొట్టమొదట అడిగింది ఏంటో తెలుసా? "బిల్లుందా అక్కా?"