చదరంగంలో బలమైన ప్రత్యర్థితో ఏది మేలు: పావులు మార్చుకోవడమా, నిలుపుకోవడమా?

ఓడినవారు బయటికి పోకుండా అన్ని రౌండ్లూ ఆడే స్విస్ పద్ధతిలో సాగే ఓపెన్ టోర్నమెంట్లలో మొదటి రౌండుకు రేటింగ్ (ఆట బలాన్ని చెప్పే అంకె) ప్రకారం పై సగం ఆటగాళ్లను కింది సగంతో జత చేస్తారు కనుక, తమకంటే 400 రేటింగ్ పాయింట్లు ఎక్కువున్నవారి ఎదుట కూర్చోవలసి రావడం మన పిల్లలకు మామూలే. అప్పుడు పావులు త్వరగా మార్చుకుని (ఒకరి పావును మరొకరు చంపి) డ్రాకు ప్రయత్నించాలా, నిలుపుకుని పోరాడాలా అని తల్లిదండ్రులు నన్ను ప్రతిసారీ అడుగుతున్నారు.

మార్చుకోవడంలో న్యాయం లేకపోలేదు. నల్లపావుల ఆరంభ పద్ధతుల్లో ఒకటైన ఫ్రెంచ్ డిఫెన్స్‌లో తెల్లపావులతో మూడో ఎత్తులోనే డీ5 గడిలో బంటును మార్చుకుంటే బంట్ల అమరిక ఇరువైపులా ఒకేలా మారుతుంది, ఇరవై ఎత్తుల్లోపే కుప్పకూలే ప్రమాదం తగ్గుతుంది.

అయితే పావులు మార్చుకుంటూ పోతే కొన్ని పావులే మిగిలే ముగింపు దశ, అంటే ఎండ్‌గేమ్, త్వరగా వస్తుంది; ఇద్దరి మధ్య అంతరం అన్నిటికంటే ఎక్కువగా బయటపడేది ఎండ్‌గేమ్‌లోనే అని నా నమ్మకం. తెల్లరాజు ఈ5లో, తెల్లబంటు ఈ4లో, నల్లరాజు ఈ7లో మాత్రమే మిగిలారనుకోండి. ఎత్తు తెల్లపావులదైతే గేమ్ డ్రా. నల్లపావులదైతే రాజు పక్కకు తొలగక తప్పదు, ఆ బంటు చివరికి మంత్రి అవుతుంది. ఆఖరి ఏనుగులను మార్చుకోవడానికి ముందే ఈ ఒక్క ఎత్తు తేడాను లెక్కగట్టేది సాధారణంగా పై రేటింగ్ ఆటగాడే. తనకిచ్చిన 90 నిమిషాలూ దాదాపు కరిగిపోయి, ఎత్తుకు కలిసే 30 సెకన్ల మీదే ఆడుతున్న మన అబ్బాయి, ఎలాగూ డ్రాయే కదా అనుకుని ఏనుగును మార్చేసుకుంటాడు.

పావులు నిండుగా ఉన్న మధ్య ఆటలోనైతే ఎదుటివారూ పొరబడతారు. రేటింగ్ లెక్క కూడా ఇటే మొగ్గుతుంది: 400 పాయింట్ల తేడాలో తక్కువ రేటింగ్ ఆటగాడికి ఆశించే ఫలితం (గెలుపు 1, డ్రా 0.5గా లెక్కిస్తే) గేమ్‌కు 0.08 మాత్రమే కాబట్టి, కె విలువ (ఒక గేమ్‌తో రేటింగ్ ఎంత మారగలదో నిర్ణయించే అంకె) 20 ఉన్నవారు ఓడితే పోయేది 1.6 పాయింట్లు, డ్రా చేస్తే వచ్చేది 8.4, గెలిస్తే 18.4. పోగొట్టుకునేది ఇంత తక్కువైనప్పుడు భయపడి ఆడడం నాకు సబబుగా తోచదు.

ప్రత్యర్థిని తికమకపెట్టాలని ఎన్నడూ ఆడని ఓపెనింగ్‌ను (ఆట మొదటి ఎత్తుల వరుసను) ముందురోజు రాత్రి నేర్చుకోవడం మూడో దారి. దాన్ని నేను సిఫారసు చేయను.

కనుక రోజూ సాధన చేసే ఓపెనింగ్‌నే ఆడమని, మంత్రులను తామంతట తాము మార్చుకోవద్దని నా విద్యార్థులకు చెబుతాను. ఒక బంటు వెనకబడి ఉండి, మార్పిడి తర్వాత ఒకరికి తెల్లగడుల శకటు, మరొకరికి నల్లగడుల శకటు మిగిలేటట్లుంటే మాత్రం వెంటనే మార్చుకోమంటాను, ఎందుకంటే అలాంటి ముగింపుల్లో ఒక బంటు ఆధిక్యం చాలాసార్లు గెలుపుకు చాలదు.